ఒక మాట, ఒక అంకె
(ప్రత్యేక విద్యా ప్రణాళికలు – మారే రాష్ట్ర నియమాలు)

గత విద్యాసంవత్సరంలో మా కళాశాల మొదటి సంవత్సరపు తరగతిలో ఒక విద్యార్థి ఎప్పుడూ చివరి బల్లమీద కూర్చుండేవాడు. ప్రశ్న వేస్తే లేచి నిలబడి, చిన్నగా నవ్వి, మరల కూర్చుండేవాడు. అతనికి చదువు మీద శ్రద్ధ లేదని మాలో కొందరం తలచినాము. అర్ధవార్షిక పరీక్షలు ముగిసిన పిమ్మట అతని తండ్రి కళాశాలకు వచ్చి, పిల్లవానికి కుడిచెవి బొత్తిగా వినబడదనీ, ఎడమచెవి కొంతమాత్రం పనిచేస్తుందనీ, ముందు బల్లమీద కూర్చుండబెడితే అధ్యాపకుని పెదవుల కదలికను చూచి పాఠం అందుకోగలడనీ చెప్పినాడు. బల్ల మార్చుటకు ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. కాని అప్పటికే ఆరు నెలలు గడిచిపోయినవి.

ఆ ఆరు నెలలు ఎవరివలన పోయినవని మమ్ము మేము ప్రశ్నించుకొన్నాము. విద్యార్థిని నిందించలేము. అధ్యాపకులలో దురుద్దేశం ఎవరికీ లేదు. లోపమల్లా ఒక్కటే. ఆ విద్యార్థికి ఏమి తెలియును, ఏమి కష్టము, అతనికి ఏ సహాయం కావలెను అని వ్రాసి ఉంచిన కాగితం మావద్ద లేదు. అట్టి కాగితం ఉండి తీరవలెనన్న నియమమూ మేము పెట్టుకొనలేదు.

అటువంటి కాగితాన్ని ప్రతి వికలాంగ బాలునికీ హక్కుగా చేసిన దేశం అమెరికా. అక్కడ దానికి 'వ్యక్తిగత విద్యా ప్రణాళిక' అని పేరు, వాడుకలో ఐ.ఇ.పి. అంటారు. దాని వెనుక 50 ఏండ్ల అనుభవం ఉన్నది. ఆ అనుభవంలో మనం నేర్చుకోదగిన మంచి ఎంత ఉన్నదో, జాగ్రత్త పడదగిన సంగతి కూడా అంతే ఉన్నది. చట్టం చేసినంత మాత్రాన బాలునికి విద్య అందదు. ఆ చట్టాన్ని అమలు జరిపే రాష్ట్ర నియమాలలో ఒక మాట మారినా, ఒక అంకె చేరినా, వేలాది పిల్లల చదువు మారిపోగలదు. ఈ సత్యాన్ని ఉదాహరణలతో వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

చట్టం పుట్టిన విధము

1970 నాటికి అమెరికాలో అనేక రాష్ట్రాల చట్టాలు 'చదువుకొనలేని' పిల్లలను బడికి రానీయనవసరం లేదని పాఠశాలలకు అధికారం ఇచ్చినవి. మొదటి అడుగు తల్లిదండ్రులదే. పెన్సిల్వేనియా రాష్ట్రంలో మానసిక వికాసం కొరవడిన పిల్లల తల్లిదండ్రుల సంఘం న్యాయస్థానానికి వెళ్లగా, 1971–72లో రాష్ట్రం రాజీకి వచ్చి ఆ పిల్లలందరికీ ఉచిత విద్య ఇచ్చుటకు అంగీకరించినది. 1972లో రాజధాని వాషింగ్టన్ నగరంలో జరిగిన మరొక వ్యాజ్యంలో విద్యాధికారులు నిధులు చాలవని వాదించినారు. నిధుల కొరత నిజమే అయినా దాని భారం వికలాంగ బాలలపైననే ఎక్కువగా మోపరాదని న్యాయస్థానం తీర్పు ఇచ్చినది.

ఈ రెండు తీర్పుల వెలుగులో అమెరికా కాంగ్రెసు విచారణ జరిపి చూడగా, దేశంలో వికలాంగ బాలలు 80 లక్షలకు పైగా ఉన్నారనీ, వారిలో సగానికి మించినవారికి తగిన విద్య అందుటలేదనీ, 10 లక్షలమందికి ప్రభుత్వ పాఠశాలలలో బొత్తిగా చోటే లేదనీ తేలినది. 1975 నవంబరు 29న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ 'వికలాంగ బాలలందరి విద్యా చట్టం'పై సంతకం చేసినాడు. 1990లో దాని పేరు 'వైకల్యం గల వ్యక్తుల విద్యా చట్టం'గా మారినది. 1997లోను, 2004లోను పెద్ద సవరణలు జరిగినవి. 2022–23 విద్యాసంవత్సరంలో ఈ చట్టం క్రింద సేవలు పొందినవారు సుమారు 75 లక్షలమంది. వెలి వేయబడిన పిల్లలు బడిలోకి వచ్చినారనుటకు ఈ సంఖ్య చాలు. బడిలోకి వచ్చిన పిమ్మట వారికి ఏమి లభించినదన్నదే అసలు ప్రశ్న.

ప్రణాళిక అనగా నేమి

ఐ.ఇ.పి. ఒక లిఖిత పత్రం. దానిని ఒక్క ప్రధానోపాధ్యాయుడో ఒక్క వైద్యుడో వ్రాయరు. తల్లిదండ్రులు, బాలునికి పాఠం చెప్పే సాధారణ ఉపాధ్యాయుడు, ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు, నిధులు మంజూరు చేయగల అధికారి, పరీక్షల ఫలితాలను విప్పి చెప్పగల నిపుణుడు – వీరందరూ ఒకచోట కూర్చుని దానిని తయారు చేయవలెను. వీలైనప్పుడు బాలుడు కూడా ఆ సమావేశంలో ఉండవలెను.

అందులో ఉండవలసిన ముఖ్యాంశాలు ఇవి. బాలుడు ఇప్పుడు ఏ స్థాయిలో ఉన్నాడు? ఏడాదిలో ఏ స్థాయికి చేరవలెను? చేరినాడో లేదో ఎట్లు కొలుస్తారు? ఏ సహాయం, వారానికి ఎన్ని గంటలు, ఎవరు చేస్తారు? తోటిపిల్లలతో కలిసి కూర్చుండే సమయం ఎంత, వేరుగా ఉండవలసి వస్తే అది ఎందువలన? పరీక్షలలో అతనికి ఏ సౌకర్యం ఇస్తారు? చదువు ముగిసిన పిమ్మట అతడు చేరబోయే పని, పైచదువు, స్వతంత్ర జీవనం వీటికి ఏ ఏర్పాటు? ఏడాదికి ఒకమారైనా ఈ పత్రాన్ని తిరిగి పరిశీలించవలెను. మూడేండ్లకు ఒకసారి బాలుని అవసరాలను మరల అంచనా వేయవలెను. తల్లిదండ్రులకు నచ్చకపోతే అభ్యంతరం చెప్పి విచారణ కోరవచ్చును.

ఇందులో గొప్పతనం ఏమనగా, "చూస్తాము, చేస్తాము" అనే నోటిమాటకు ఇక్కడ తావు లేదు. 'వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున, ఉచ్చారణ శిక్షణ' అని వ్రాసిన తరువాత ఆ అరగంట బాలుని సొత్తు. దానిని ఎవరూ దయాధర్మంగా ఇవ్వనక్కరలేదు, కాదని ఎగవేయనూ లేరు.

కనీస మట్టం కేంద్రానిది, పై అంతస్తు రాష్ట్రానిది

అమెరికాలో విద్య ప్రధానంగా రాష్ట్రాల బాధ్యత. కేంద్ర చట్టం కనీస మట్టాన్ని నిర్ణయిస్తుంది. దానికి తగ్గరాదు, మించవచ్చును. వివరాలన్నీ రాష్ట్ర నియమాలలోనే ఉంటవి. ఉదాహరణకు, తల్లిదండ్రులు అంగీకరించిన 60 రోజులలో బాలుని అవసరాలను అంచనా వేయవలెనని కేంద్ర చట్టం చెప్పి, రాష్ట్రం వేరొక గడువు పెట్టుకొనుటకు అవకాశం ఇచ్చినది. మసాచుసెట్స్ 30 బడి దినాలు పెట్టుకొన్నది. టెక్సాస్ 45 బడి దినాలు పెట్టుకొన్నది. చదువు తరువాతి జీవితానికి ఏర్పాట్లు 16వ ఏటికి మొదలు కావలెనని కేంద్రం అనగా, మసాచుసెట్స్ 14వ ఏటనే మొదలుపెట్టమన్నది. సేవలు సాధారణంగా 21 ఏండ్ల వరకు దొరుకగా, మిచిగన్ రాష్ట్రం 26 ఏండ్లు నిండేవరకు ఇచ్చుటకు ఒప్పుకొన్నది. ఇంటి సామాను బండికి ఎత్తించి ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి పోయిన కుటుంబం, పిల్లవాని హక్కులలో కొన్నిటిని కూడా మార్చుకొన్నట్లే.

ఈ కనీస మట్టం ఎంత ఎత్తున ఉన్నదో తేల్చినది 1982 నాటి సుప్రీంకోర్టు తీర్పు. న్యూయార్క్ రాష్ట్రంలో ఏమీ రౌలీ అనే బధిర బాలిక మొదటి తరగతి చదువుచుండెను. ఆమె పెదవుల కదలికను చక్కగా చదువగలదు. పాఠశాలవారు ఆమెకు వినికిడి సాధనం ఇచ్చినారు. అయినా తరగతిలో చెప్పినదంతా ఆమెకు అందుటలేదనీ, సైగల భాషలో చెప్పగల దుబాసీ కావలెననీ తల్లిదండ్రులు కోరినారు. ఆమె తరగతులు దాటుచున్నది గనుక చట్టం కోరినంత మేలు జరుగుచున్నదనీ, ప్రతి బాలుని శక్తిని పరిపూర్ణంగా వికసింపజేయుమని కాంగ్రెసు అనలేదనీ సుప్రీంకోర్టు చెప్పినది. తరగతిలో సగం మాటలు అందకున్నా తెలివితో నెగ్గుకొని వచ్చే పిల్ల, తన తెలివికే శిక్ష అనుభవించినట్లయినది.

ఆ తరువాత 35 ఏండ్లకు, 2017 మార్చి 22న, కొలరాడోకు చెందిన ఆటిజం గల బాలుని వ్యాజ్యంలో అదే న్యాయస్థానం ఏకగ్రీవంగా ఒక అడుగు ముందుకు వేసినది. ఆ బాలుని ప్రణాళికలో ఏడాది తరువాత ఏడాది దాదాపు అవే లక్ష్యాలు తిరిగి వ్రాయబడినవి. పేరుకు ఏదో కొంచెం మేలు జరిగితే చాలునన్న వాదాన్ని సుప్రీంకోర్టు త్రోసిపుచ్చి, బాలుని పరిస్థితికి తగిన ప్రగతి కలిగేటట్లు ప్రణాళిక ఉండవలెనని నిర్ణయించినది. నిరుటి కాగితానికి నకలు తీసి తేదీ మార్చే అలవాటుకు ఇది గట్టి హెచ్చరిక.

ఒక మాట – మసాచుసెట్స్

కేంద్ర చట్టం కంటె మూడేండ్ల ముందే, 1972లో, మసాచుసెట్స్ రాష్ట్రం తన స్వంత ప్రత్యేక విద్యా చట్టాన్ని చేసుకొన్నది. 1974 సెప్టెంబరులో అది అమలులోకి వచ్చినది. 766వ అధ్యాయమని ఆ రాష్ట్రంలో తల్లిదండ్రులందరికీ దాని సంఖ్య తెలియును. కేంద్ర చట్టం రూపొందినప్పుడు దానికి ఇది ఒక మాదిరిగా నిలిచినది. ఆ రాష్ట్రపు కొలత చాల ఉన్నతమైనది. బాలునికి సాధ్యమైనంత గరిష్ఠ వికాసం కలిగించవలెనని దాని భావం. రౌలీ తీర్పు వచ్చిన తరువాత కూడా, రాష్ట్రం తనకు తానుగా ఉన్నతమైన కొలతను పెట్టుకొన్నప్పుడు దానికి కట్టుబడవలసినదేనని 1985లో కేంద్ర అప్పీలు న్యాయస్థానం స్పష్టం చేసినది.

కాలం గడిచినకొద్దీ ఖర్చు పెరిగినది. వికలాంగ బాలలకు 'గరిష్ఠం', మిగిలిన పిల్లలకు 'సాధారణం' అనుట న్యాయమా అని పట్టణ పాలకులు అడుగసాగినారు. ఆ ప్రశ్నను తేలికగా కొట్టివేయుటకు వీలు లేదు. ఒకే సంచిలోని డబ్బు ఇద్దరు పిల్లలకు పంచవలసి వచ్చినప్పుడు ప్రతి ఇంటిలోను ఆ ప్రశ్న వస్తుంది. పైగా 1975లో కాంగ్రెసు అదనపు ఖర్చుకై దేశంలో ఒక విద్యార్థిపై అయ్యే సగటు వ్యయంలో 40 శాతం వరకు కేంద్రం భరించునని ఆశ చూపినది. ఆ 40 శాతం ఏనాడూ రాష్ట్రాలకు ముట్టలేదు. భారం రాష్ట్రాలమీద, పట్టణాలమీద మిగిలినది.

చివరకు 2000 సంవత్సరంలో మసాచుసెట్స్ శాసనసభ తన కొలతను మార్చినది. 'గరిష్ఠ వికాసం' అన్న చోట కేంద్ర చట్టంలోని 'ఉచితమైన, తగిన విద్య' అన్న మాటలు వచ్చినవి. 2002 జనవరి 1 నుండి ఈ మార్పు అమలైనది. ఏ పాఠశాలా మూతపడలేదు, ఏ ఉపాధ్యాయుడూ ఆ రోజున తొలగింపబడలేదు. 'గరిష్ఠం' పోయి 'తగినది' వచ్చినది, అంతే. కాని నాటినుండి తల్లి సమావేశంలో కూర్చుని "ఇంకా మేలైన పద్ధతి ఉన్నది కదా" అని అడిగితే, "ఉండవచ్చును, కాని ఇది చాలును" అని జవాబు చెప్పుటకు అధికారికి చట్టంలో ఆధారం దొరికినది.

ఒక అంకె – టెక్సాస్

మసాచుసెట్స్‌లో మార్పు శాసనసభలో, అందరి కళ్ల ఎదుట జరిగినది. టెక్సాస్ కథ వేరు. 2004లో ఆ రాష్ట్ర విద్యాశాఖ పాఠశాల జిల్లాల పనితీరును కొలిచే పట్టికలో ఒక క్రొత్త సూచికను చేర్చినది. మొత్తం విద్యార్థులలో ప్రత్యేక విద్య పొందేవారు 8.5 శాతానికి మించని జిల్లాలకు మంచి గుర్తింపు, మించిన జిల్లాలకు తక్కువ గుర్తింపు. మరీ ఎక్కువగా మించితే తనిఖీలు, సంజాయిషీలు.

శాసనసభ ఆ అంకెను చర్చించలేదు. అప్పటికి ఆ రాష్ట్రంలో ప్రత్యేక విద్య పొందేవారు దాదాపు 12 శాతం ఉన్నారు. దేశపు సగటు సుమారు 13 శాతం. కాని తనిఖీదారుకు భయపడని పాఠశాల ఎక్కడ ఉంటుంది? అంకె క్రిందికి రావలెనన్న తొందరలో పిల్లల అవసరాలను అంచనా వేయుట వాయిదా పడినది. కొందరిని వేరే తేలికపాటి కార్యక్రమాలలోకి మళ్లించినారు. మరికొందరి తల్లిదండ్రులకు మీ పిల్లవానికి ప్రత్యేక విద్య అవసరం లేదని నచ్చజెప్పినారు. పదేండ్లు దాటేసరికి రాష్ట్రపు సగటు సరిగా 8.5 శాతం దగ్గరకు వచ్చి నిలిచినది. పిల్లలలో వైకల్యం తగ్గలేదు. కాగితంలో మాత్రం తగ్గినది.

2016లో హ్యూస్టన్ క్రానికల్ దినపత్రిక ఈ సంగతిని వరుస కథనాలుగా బయటపెట్టినది. అది పరిమితి కాదనీ, పరిశీలన కొరకు పెట్టిన సూచిక మాత్రమేననీ శాఖ వాదించినది. 2017లో రాష్ట్ర శాసనసభ అటువంటి సంఖ్యా పరిమితులను నిషేధిస్తూ చట్టం చేసినది. 2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖ, వైకల్యం గల పిల్లలందరినీ వెదకి గుర్తించి అంచనా వేయవలసిన బాధ్యతను టెక్సాస్ నెరవేర్చలేదని తేల్చినది. అంతటితో పట్టిక మారినది, శాతం మరల పెరుగసాగినది. కాని 2004లో ఒకటవ తరగతిలో ఉన్న బాలునికి 2016 నాటికి బడిచదువు ముగిసిపోయినది. అతని 12 ఏండ్లను ఏ చట్టం తిరిగి ఇవ్వగలదు? మా విద్యార్థి ఆరు నెలలు పోయినందుకే మేము ఇంతగా బాధపడుచున్నాము.

ఋజువు భారం ఎవరిది?

నియమాల మార్పు ఎప్పుడూ పిల్లలకు ప్రతికూలంగానే ఉంటుందని అనుకోరాదు. ప్రణాళిక సరిగా లేదని తల్లిదండ్రులు విచారణ కోరినప్పుడు, అది సరిగా ఉన్నదని పాఠశాల ఋజువు చేయవలెనా, లేదని తల్లిదండ్రులు ఋజువు చేయవలెనా? మేరీలాండ్‌కు చెందిన ఒక వ్యాజ్యంలో 2005 నవంబరు 14న సుప్రీంకోర్టు, ఎవరు ఫిర్యాదు చేసినారో ఋజువు భారం వారిదేనని చెప్పినది. ఫిర్యాదు చేసేవారు సామాన్యంగా తల్లిదండ్రులే. రికార్డులన్నీ పాఠశాలవద్ద, నిపుణులందరూ పాఠశాల జీతంలో; తల్లిచేతిలో మాత్రం పిల్లవాని నోటుపుస్తకం.

ఈ అసమానతను గమనించి న్యూయార్క్ రాష్ట్రం 2007లోను, న్యూజెర్సీ 2008లోను తమ చట్టాలను మార్చి, ఋజువు భారాన్ని పాఠశాల జిల్లాలపై ఉంచినవి. ఒక రాష్ట్రంలో నియమం పిల్లవాని చేయి వదలినది, మరొక రాష్ట్రంలో పట్టుకొన్నది. నియమం చేసేవారు ఎవరిని తలచుకొని చేసినారన్న దానిమీదనే ఫలితం ఆధారపడియున్నది.

భాష సంగతి

ఉర్దూ, తెలుగు రెండు భాషలలో వెలువడే ఈ సంచిక పాఠకులకు మరొక ఉదాహరణ ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. 1970లో కాలిఫోర్నియాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడే తొమ్మిదిమంది పిల్లల పక్షాన ఒక వ్యాజ్యం నడిచినది. వారికి ఇంగ్లీషులో బుద్ధిపరీక్ష పెట్టి, మందబుద్ధులని నిర్ణయించి, వేరు తరగతిలో కూర్చుండబెట్టినారు. తమ భాషలో మరల పరీక్షింపగా వారిలో చాలమంది సామాన్య తరగతికి తగినవారేనని తేలినది. పిల్లవానిని అతని ఇంటిభాషలోనే పరీక్షించవలెనన్న ఒప్పందంతో ఆ వ్యాజ్యం ముగిసినది. భాష తెలియకపోవుట వైకల్యం కాదన్న ఈ సామాన్య సత్యాన్ని న్యాయస్థానం ద్వారా స్థాపించుకోవలసి వచ్చినది.

ఈ నీతి తరువాత కేంద్ర చట్టంలో చేరినది. పరీక్ష వీలైనంతవరకు పిల్లవాని భాషలో జరుగవలెను. తల్లిదండ్రులకు ఇచ్చే నోటీసు వారికి అర్థమయ్యే భాషలో ఉండవలెను. ప్రణాళిక సమావేశంలో వారికి విషయం బోధపడుటకు దుబాసీని ఏర్పాటు చేయవలెను. టెక్సాస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా రాష్ట్రాలలో మన తెలుగు కుటుంబాలు అనేకం స్థిరపడినవి. ఆ సమావేశానికి వెళ్లిన తెలుగు తల్లి, ఇంగ్లీషులో గబగబ చదివిన కాగితంపై మొగమాటంతో సంతకం పెట్టనక్కరలేదు. "నాకు తెలుగులో చెప్పించండి" అని అడుగుట ఆమె హక్కు. మన బంధువర్గంలో అట్టివారు ఉంటే ఈ ఒక్క సంగతి వారికి తెలియజేసినా మేలు చేసినవారమగుదుము.

మన దేశమున

2025 మార్చి 20న అమెరికా అధ్యక్షుడు కేంద్ర విద్యాశాఖను మూసివేయు దిశగా ఉత్తర్వు జారీ చేసినాడు. 1975 నాటి చట్టాన్ని రద్దు చేసే అధికారం కాంగ్రెసుదే కాని అధ్యక్షునిది కాదు. అయినా పైనుండి చూచే కన్ను మందగిస్తే రాష్ట్ర నియమాల బరువు ఇంకా పెరుగుతుంది. ఈ సంగతి మనకు దూరపు వార్తగా తోచవచ్చును. కాని మన చట్టాలు కూడా ఇదే తీరున నిర్మింపబడినవి.

మన దేశంలో 1974లోనే వికలాంగ బాలలను సామాన్య పాఠశాలలలో చేర్చే సమీకృత విద్యా పథకం మొదలైనది. 1995లో మొదటి సమగ్ర చట్టం వచ్చినది. దాని స్థానంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్నది. మునుపు 7 రకాల వైకల్యాలను గుర్తించిన చోట ఈ చట్టం 21 రకాలను గుర్తించినది. ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలలో 40 శాతానికి తగ్గని వైకల్యం గలవారికి 5 శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించమన్నది. ప్రతి విద్యార్థి ప్రగతినీ గమనించవలెననీ, వ్యక్తిగతంగాగాని ఇతరత్రాగాని కావలసిన సహాయం ఇవ్వవలెననీ చెప్పినది. నియమాలు చేసే అధికారం కేంద్రంతోపాటు రాష్ట్రాలకు కూడా ఇచ్చినది.

అయితే అందులో ఒక మాటను విద్యార్థులు శ్రద్ధగా చదువవలెను. ప్రభుత్వ నిధులుగాని గుర్తింపుగాని పొందిన విద్యాసంస్థలు వికలాంగ బాలలకు తోటివారితో కూడిన విద్యను అందించేటట్లు ప్రభుత్వాలు 'ప్రయత్నించవలెను' అని 16వ సెక్షన్ మొదలవుతుంది. 'అందించవలెను' అనుటకూ, 'అందించేటట్లు ప్రయత్నించవలెను' అనుటకూ గల దూరమెంతో మసాచుసెట్స్ కథ చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

అంకె విషయం కూడా అట్లే ఉన్నది. పరీక్షలో వ్రాసిపెట్టే సహాయకుని సౌకర్యం 40 శాతం వైకల్యం ఉన్నవారికే అని చాలకాలం చెప్పుచూ వచ్చినారు. వ్రాయునప్పుడు చేయి బిగుసుకొనిపోయే ఒక అభ్యర్థి సివిల్ సర్వీసు పరీక్షకు సహాయకుని కోరగా నిరాకరించినారు. 2021 ఫిబ్రవరి 11న మన సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు ఇచ్చి, సహేతుకమైన సౌకర్యం పొందుటకు 40 శాతం అన్న అంకె గోడగా నిలువరాదని ప్రకటించినది. 2022 ఆగస్టు 10న కేంద్ర ప్రభుత్వం 40 శాతానికి తక్కువ వైకల్యం ఉండి వ్రాయుటలో కష్టపడేవారికి మార్గదర్శకాలు జారీ చేసినది. ఒక్క అభ్యర్థి ఒక్క అంకెను ప్రశ్నించినందున ఎందరికో త్రోవ ఏర్పడినది.

మా మనవి

అమెరికా పద్ధతిని యథాతథంగా తెచ్చి మన కళాశాలలో నిలబెట్టుమని మేము అనుటలేదు. మనకు అంత నిధి లేదు, అందరు నిపుణులూ లేరు. కాని ఐ.ఇ.పి.లోని సారమంతా ఒక్క కాగితంలో ఇమడగలదు. చేరిక సమయంలోనే ప్రతి విద్యార్థినీ ఏకాంతంగా, గౌరవంగా, "నీకు చూచుటలో, వినుటలో, నడుచుటలో, చదువుటలో, వ్రాయుటలో ఏమైనా కష్టం ఉన్నదా? మేము ఏమి చేస్తే నీకు సులువగును?" అని అడుగవలెను. జవాబును ఉర్దూలోనో తెలుగులోనో, తల్లిదండ్రులు ఏది చదువగలరో ఆ భాషలో వ్రాసి, వారికొక ప్రతి ఇవ్వవలెను. ఎవరు ఏమి చేయవలెనో, ఎప్పటిలోగా చేయవలెనో అందులో ఉండవలెను. అర్ధవార్షిక పరీక్షలకు ముందు దానిని ఒకసారి తీసి చూడవలెను. ఆ కాగితంలోని మాటలను మార్చవలసి వస్తే విద్యార్థికీ, అతని ఇంటివారికీ తెలియకుండ మార్చరాదు. ఈ చివరి షరతు అన్నిటికంటె ముఖ్యమైనది.

కళాశాల కమిటీ పెద్దలు రాబోవు సమావేశంలో ఈ ఒక్క కాగితాన్ని నియమంగా ఆమోదింతురని ఆశించుచున్నాము. 'వీలైనచో' అన్న మాట ఆ నియమంలో చేర్చవద్దని ముందుగానే వేడుకొనుచున్నాము.

విద్యార్థి సోదర సోదరీమణులకు కూడా ఒక మాట. ప్రభుత్వ ఉత్తర్వులు, విశ్వవిద్యాలయ సర్క్యులర్లు నోటీసు బోర్డుమీద అంటించినప్పుడు తేదీ మాత్రం చూచి వెళ్లిపోకండి. పూర్తిగా చదవండి. నిరుటి ఉత్తర్వులో ఉండి ఈసారి లేని మాట ఏదో, క్రొత్తగా చేరిన అంకె ఏదో గమనించండి. అర్థం కానిచో అధ్యాపకులను అడగండి. మీకు అవసరం లేకపోవచ్చును. మీ బల్లమీద పక్కన కూర్చున్నవానికి అవసరం ఉండవచ్చును.

వ్యాసారంభంలో చెప్పిన విద్యార్థి ఇప్పుడు ముందు బల్లమీద కూర్చుంటున్నాడు. వార్షిక పరీక్షలలో ఉత్తీర్ణుడైనాడు. అతని అనుమతితోనే ఈ సంగతి ఇక్కడ వ్రాసినాము. వ్రాయమని అనుమతి ఇచ్చునప్పుడు అతడు ఒక్క కోరిక కోరినాడు: ఈ ఏడు చేరబోయే వారిని మొదటి వారంలోనే అడుగవలెనట.